వేసవిలో సీతాకోకచిలుకలు, చిమ్మటలు: చూసినవాటిని పద్ధతిగా నమోదు చేయడం ఎలా?

"ఫోన్‌లో రెండొందల సీతాకోకచిలుక ఫోటోలున్నాయి. ఇప్పుడు వీటిని ఏం చేయాలి?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. ఫోటో తీయడం అందరికీ వచ్చింది. దాన్ని పదేళ్ళ తర్వాత కూడా పనికొచ్చే రికార్డుగా మార్చడం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు.

రికార్డుకి నాలుగు సంగతులు కావాలి: ఏది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. ఒక్కటి లేకపోయినా మిగిలింది బొమ్మే. కింద చెప్పేదంతా ఈ నాలుగింటినీ తప్పు లేకుండా రాసుకోవడం గురించే.

నేను కర్నూలులో కె.సి. కాలువ గట్టు మీదా, మా ఇంటి డాబా మీదా ఈ పని చేస్తాను. ఉదాహరణలన్నీ అక్కడివే. మీది గోదావరి లంక అయినా, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ అయినా పద్ధతి మారదు.

ఒక మాట పదాల గురించి. పగలు తిరిగేవాటిని సీతాకోకచిలుకలు అంటాం. రాత్రి దీపానికి వచ్చేవాటిని రైతులు "రెక్కల పురుగు" అంటారు. నేను చిమ్మట (ఇంగ్లీషులో మాత్) అని రాస్తున్నాను. పగలే తిరిగే చిమ్మటలు కూడా ఉన్నాయి కాబట్టి వేళను బట్టి తేల్చకండి, మీసాలు చూడండి. సీతాకోకచిలుక మీసాల కొస ఉండలా లావుగా ఉంటుంది. చిమ్మట మీసాలు దారంలాగో, ఈకలాగో ఉంటాయి.

## 1. చోటు ఒకటే పెట్టుకోండి

మొదటి నిర్ణయం ఇది. వారానికో కొత్త ఊరు తిరిగి ముప్ఫై రకాలు చూడటం కంటే, ఒకే దారిలో వేసవంతా నడిచి పన్నెండు రకాలు చూడటం మేలు. "ఏప్రిల్‌లో ఎన్ని, మేలో ఎన్ని, వాన పడ్డాక ఎన్ని" అని పోల్చి చూడటం రెండో పద్ధతిలోనే కుదురుతుంది.

దారి మూడు నుంచి ఐదు వందల మీటర్లు చాలు. మొదలు, చివర గుర్తుపట్టేలా ఉండాలి. నాకు మొదలు ఒక చిన్న వంతెన, చివర ఒక వేపచెట్టు.

దారిలో ఇవి ఉంటే మంచిది:

- ఏదో ఒక తడి: బోరింగు దగ్గర చిత్తడి, కుళాయి గుంట, కాలువ అంచు
- జిల్లేడు, నిమ్మ, కరివేపాకు, ఆముదం, గన్నేరు, రేల, తంగేడు లాంటి మొక్కల్లో రెండు మూడు
- గడ్డి చామంతి పూలున్న ఖాళీ జాగా
- కాస్త నీడ

ఎండలు ముదిరాక తడి చాలా ముఖ్యం. మగ సీతాకోకచిలుకలు తడి మట్టి మీద వాలి అందులోని లవణాలు పీలుస్తాయి. మే నెలలో ఊరంతా ఖాళీగా కనిపించినా బోరింగు దగ్గర పది కనిపించవచ్చు.

రిజర్వు అడవిలోకి, టైగర్ రిజర్వులోకి అనుమతి లేకుండా వెళ్ళకండి. మొదటి వేసవికి ఇంటి చుట్టుపక్కల చాలు.

## 2. వేళ

మన వేసవిలో ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర మంచి సమయం. పొద్దున రెక్కలు విప్పి ఎండకు కాచుకుంటాయి, దగ్గరికి పోనిస్తాయి. రెండో విడత సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. పదకొండు నుంచి నాలుగు దాకా అవి నీడలో దాక్కుంటాయి, మీరూ నీడలోనే ఉండండి. రికార్డు కోసం వడదెబ్బ తెచ్చుకోవద్దు.

వారానికి ఒక్కసారైనా సరే, అదే రోజు, అదే వేళ. రోజూ వెళ్తానని మొదలుపెట్టి పదిరోజులకు మానేసేకంటే ఇది నయం.

## 3. వెంట ఉండాల్సినవి

- జేబులో పట్టే నోటు పుస్తకం, పెన్సిల్ (చెమటకు పెన్ను సిరా అలుక్కుపోతుంది)
- ఫోన్, అందులో కెమెరాకు లొకేషన్ ఆన్ చేసి ఉండాలి
- నీళ్ళు, టోపీ, పూర్తి చేతుల చొక్కా, బూట్లు
- ఉంటే ఒక చిన్న స్కేలు: ఆకు పక్కన పెట్టి తీస్తే గొంగళి పురుగు సైజు తెలుస్తుంది

వల అక్కర్లేదు. పట్టుకుంటే రెక్కల పొడి రాలిపోతుంది. పైగా కొన్ని రకాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి ఫోటోలు తీసేవాళ్ళున్నారు, ఆ పని దయచేసి చేయకండి.

## 4. నడక, లెక్క

పొలార్డ్ పద్ధతి అని ఒకటుంది, ఇంట్లో ఎవరైనా చేయగలిగేంత తేలిక. మీ చుట్టూ ఒక పెట్టె ఉందనుకోండి: కుడికి రెండున్నర మీటర్లు, ఎడమకు రెండున్నర, ముందుకు ఐదు. నింపాదిగా ఒకే వేగంతో నడుస్తూ ఆ పెట్టెలోకి వచ్చినవాటినే లెక్కపెట్టాలి.

1. మొదలైన సమయం, ఎండ, మబ్బు, గాలి రాయండి.
2. నడుస్తూ రకం పక్కన గీతలు పెట్టండి.
3. వెనక్కి తిరిగి చూడకండి. వెనక నుంచి వచ్చింది ఇందాక లెక్కపెట్టిందే కావచ్చు.
4. ఫోటో కోసం ఆగితే లెక్క ఆపండి, అయ్యాక అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టండి.
5. పెట్టె బయట ఏదైనా మంచిది కనిపిస్తే విడిగా "బయట" అని రాయండి.
6. ముగిసిన సమయం రాయండి.

నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంటుంది (ప్లెయిన్ టైగర్, కామన్ ఎమిగ్రంట్, లైమ్ అన్నవి సీతాకోకచిలుకల ఇంగ్లీషు పేర్లు):

"మే 12, ఉదయం 7.40 నుంచి 8.05. వంతెన నుంచి వేపచెట్టు. ఎండ, గాలి లేదు. ప్లెయిన్ టైగర్ 6, అందులో ఒకటి జిల్లేడు ఆకు అడుగున గుడ్డు పెడుతోంది. కామన్ ఎమిగ్రంట్ 3. చిన్న నీలి రకం 4, పేరు తెలియదు, ఫోటో ఉంది. లైమ్ 0."

ఆ చివరి సున్నా చూడండి. అది నేను మరిచిపోకుండా రాసే సంగతి. పోయిన వారం ఉండి ఈ వారం లేనిదాన్ని సున్నా అని రాస్తేనే, మీరు వెతికినా అది కనపడలేదని తెలుస్తుంది. రాయకపోతే మీరు ఆరోజు వెళ్ళలేదేమో అనుకుంటారు. ఏమీ కనపడని నడక కూడా పూర్తి నడకే, దానికీ తేదీ వేసి దాచండి.

## 5. ఫోటో: అందంకంటే ఆనవాలు ముఖ్యం

మొదటి ఫోటో దూరం నుంచే తీసేయండి, ఎగిరిపోయినా ఒక ఆధారం మిగులుతుంది. తర్వాత మెల్లగా వంగి దగ్గరికి వెళ్ళండి. మీ నీడ దాని మీద పడిందంటే ఎగిరిపోయినట్టే.

కావాల్సిన కోణాలు:

- రెక్కల పైభాగం
- రెక్కల అడుగుభాగం (చాలామంది వదిలేసేది ఇదే, ఎక్కువసార్లు పేరు తేలేది కూడా దీనితోనే)
- వీలైతే తల, మీసాలు, ఒంటి రంగు
- వాలిన మొక్క ఆకు, కొమ్మ కనిపించేలా ఒకటి

చిన్న నీలి రకాలు, పసుపుపచ్చ గడ్డి రకాలు అడుగు రెక్క ఫోటో లేకుండా తేలవు. అవి రెక్కలు మూసుకుని వాలేవే కాబట్టి ఓపికగా పక్క నుంచి తీస్తే చాలు.

## 6. పేరు పెట్టడం

తెలిసినంత మటుకే పేరు పెట్టండి. "యూరీమా ప్రజాతి (దగ్గరి రకాలన్నీ కలిసిన గుంపు), రకం తెలియదు" అన్నది నిజాయితీగల రికార్డు. "కామన్ గ్రాస్ ఎల్లో అయ్యుంటుంది" అన్నది తర్వాతివాళ్ళకు తలనొప్పి. మన దగ్గర చాలా రకాలకు అందరూ ఒప్పుకునే తెలుగు పేర్లు లేవు. అందుకని వాడుక పేరుతోపాటు శాస్త్రీయ నామం కూడా రాసుకోండి.

మన ఊళ్ళలో అందరూ పొరపడే జతలు ఇవి. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

ప్లెయిన్ టైగర్, ఆడ డనాయిడ్ ఎగ్‌ఫ్లై. రెండూ నారింజ రంగు, ముందు రెక్క కొసన నలుపు, తెల్లపట్టీ. ప్లెయిన్ టైగర్‌ని పక్షులు సాధారణంగా తినవు, దాని ఒంట్లో జిల్లేడు విషం ఉంటుంది. ఆ వేషం వేసుకుని బతికేది ఎగ్‌ఫ్లై ఆడది. వెనక రెక్క చూడండి. ప్లెయిన్ టైగర్‌కి రెక్క మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలుంటాయి. ఎగ్‌ఫ్లైకి పై అంచు దగ్గర ఒక్కటే.

రోజ్‌లు, ఆడ కామన్ మార్మన్. కామన్ మార్మన్ ఆడవి మూడు రూపాల్లో ఉంటాయి. ఒకటి మగదానిలాగే, ఒకటి కామన్ రోజ్‌లాగా, ఇంకొకటి క్రిమ్సన్ రోజ్‌లాగా. రెక్కలు చూస్తే బోల్తా పడతాం, ఒళ్ళు చూడాలి. రోజ్‌ల ఒంటికి ఎరుపు ఉంటుంది, మార్మన్ ఒళ్ళు నలుపు. అసలైన రోజ్‌లు మా నల్లరేగడి గట్ల మీద గాడిదగడపాకు ఉన్నచోట తిరుగుతాయి. మార్మన్ నిమ్మ, కరివేపాకుల చుట్టూ తిరుగుతుంది. ఎక్కడ చూశారో, ఏ మొక్క మీద చూశారో రాసి ఉంటే తర్వాత అదే సాయపడుతుంది.

లైమ్, కామన్ మార్మన్ గొంగళ్ళు. రెండూ కరివేపాకు మీదే ఉంటాయి. చిన్నప్పుడు పిట్ట రెట్టలాగా, పెద్దయ్యాక ఆకుపచ్చగా. చిన్న వయసులో తేల్చలేకపోతే "పాపిలియో ప్రజాతి" అని ఆపేయండి. తల వెనక దాచుకున్న కొమ్ము బయటికి రావాలని వాటిని పొడవకండి.

గన్నేరు మీది గొంగళ్ళు. నాలుగు జతల నల్లని పొడుగు పోగులుంటే కామన్ క్రో. ఆకుపచ్చగా లావుగా, తల దగ్గర నీలి కన్ను మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము ఉంటే అది ఒలియాండర్ హాక్‌మాత్ అనే చిమ్మట పిల్ల. జిల్లేడు మీద నలుపు తెలుపు పసుపు పట్టీలతో మూడు జతల పోగులుంటే ప్లెయిన్ టైగర్.

### వేసవి వేషం

ఇది తెలియక కొత్త రకం దొరికిందని సంబరపడేవాళ్ళు ఎక్కువ. కొన్ని సీతాకోకచిలుకలు వానాకాలంలో ఒకలాగా, ఎండాకాలంలో ఒకలాగా ఉంటాయి. పీకాక్ పాన్సీ వేసవి రూపానికి అడుగు రెక్క ఎండుటాకులా ఉంటుంది, రెక్క అంచులు కోసినట్టు కోణాలు తేలుతాయి. కామన్ ఈవెనింగ్ బ్రౌన్‌కి వానాకాలంలో కళ్ళలాంటి గుండ్రటి మచ్చలు స్పష్టంగా ఉంటాయి, వేసవిలో దాదాపు మాయమవుతాయి. ఎండుటాకుల్లో వాలితే మీ కాలి దగ్గర ఉన్నా కనపడదు.

కాబట్టి పేరు పక్కన "ఎండాకాలపు రూపం" అని రాయండి. జూన్, జూలైలలో అదే దారిలో మచ్చలు ఎప్పుడు తిరిగొచ్చాయో కూడా రాయండి. ఒకే చోట వేసవంతా నడిచినవాళ్ళకు మాత్రమే దొరికే సమాచారం ఇది. నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది దీనివల్లే.

## 7. రాత్రి తెర

చిమ్మటల కోసం డాబా మీద తెల్ల దుప్పటి కట్టాలి. కావాల్సినవి: పాత తెల్ల నూలు దుప్పటి, తాడు, దీపం, టార్చి, నోటు పుస్తకం.

దీపం గురించి చాలామంది అడుగుతారు. మామూలు ఎల్‌ఈడీ బల్బుకి తక్కువ వస్తాయి, అందులో అతినీలలోహిత (యూవీ) కాంతి దాదాపు ఉండదు. పాత ట్యూబ్‌లైట్ కొంత నయం. 365 నానోమీటర్ల యూవీ లైటు దొరికితే మంచిది, కానీ దానివంక సూటిగా చూడకూడదు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకూడదు.

1. అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రోజులు చూసుకోండి. పున్నమి వెన్నెలకు తక్కువ వస్తాయి. గాలి లేని, ఉక్కపోతగా ఉన్న రాత్రులు బాగుంటాయి.
2. పక్కింటివాళ్ళకు ముందే చెప్పండి. రాత్రిపూట డాబా మీద నీలి వెలుతురు చూసి కంగారు పడతారు.
3. దుప్పటి కింది అంచు నేల మీద పరిచి ఉంచండి. చాలా చిమ్మటలు కిందే వాలతాయి. అడుగు చూసి వేయండి.
4. ఏడున్నరకు వెలిగించండి. అరగంటకోసారి దుప్పటి రెండు వైపులా చూసి ఫోటోలు తీయండి.
5. పదిన్నరకు ఆపేయండి. దుప్పటి మెల్లగా దులిపి, చిమ్మటల్ని పొదల్లోకి వదలండి. రాత్రంతా వెలిగిస్తే తెల్లారి బల్లులకూ గోరింకలకూ విందు పెట్టినట్టే.
6. తేదీ "మే 12/13 రాత్రి" అని రాయండి. ఎప్పుడైనా అర్ధరాత్రి దాటేదాకా చూసినా తేదీ గందరగోళం రాకుండా ఉంటుంది.

జాగ్రత్త ఒకటి. నారింజ, నలుపు పట్టీలతో చీమలా సన్నగా ఉండే చిన్న పురుగు కూడా దీపానికి వస్తుంది. ఒంటి మీద వాలితే నలపకండి, ఊది వదిలించండి. నలిపితే దాని ఒంట్లో రసానికి చర్మం కాలినట్టు పొక్కుతుంది. ఒకసారి మెడ మీద నలిపి వారం రోజులు బాధపడ్డాను. బొచ్చు గొంగళ్ళనూ చేత్తో ముట్టకండి. చీకట్లో బూట్లు, టార్చి లేకుండా తిరగకండి, వేసవి రాత్రుల్లో తేళ్ళూ పాములూ బయటే ఉంటాయి.

దీపానికి రాని రకాలకు ఎర వేయవచ్చు. బాగా మగ్గిన అరటిపండు, బెల్లం, కాస్త కల్లు కలిపి పిసికి ఒక రోజు ఉంచి, పొద్దుగూకే వేళ చెట్టు మొదలుకు పూయండి. గంట తర్వాత టార్చి వేసి చూడండి. రాలిన మామిడిపండ్లు ఉన్న తోట అయితే ఎర కూడా అక్కర్లేదు.

పొలం పక్కన ఉండేవాళ్ళకు ఒక మాట. తెర మీదికి వచ్చేవాటిలో పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, ఆముదం దాసరి పురుగుల తల్లి పురుగులు కూడా ఉంటాయి. "పంట పురుగే కదా" అని వదలకండి, లెక్కతో సహా రాయండి. నువ్వుల చేను దగ్గరైతే వీపు మీద పుర్రెలాంటి మచ్చ ఉన్న పెద్ద చిమ్మట రావచ్చు. కదిలిస్తే కీచుమంటుంది, భయపడనక్కర్లేదు, ఏమీ చేయదు.

## 8. ఆన్‌లైన్‌లో ఎక్కించడం

నేను ఐనాచురలిస్ట్ వాడతాను, చూసిన జీవుల ఫోటోలు ఎక్కించి పేర్లు తేల్చుకునే యాప్ అది. బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా, మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్లు పేరు సరిచూసుకోవడానికి బాగా పనికొస్తాయి. ఎక్కించే క్రమం:

1. ఒక జీవికి ఒక రికార్డు. ఒకే సీతాకోకచిలుక ఫోటోలన్నీ ఒకచోట చేర్చండి, రెండు వేర్వేరు జీవులను కలపకండి.
2. తేదీ, సమయం ఫోటోలో ఉన్నవే వచ్చాయో లేదో చూడండి.
3. మ్యాపు మీద గుర్తు ఇంటి మీద కాక, చూసిన చోట పెట్టండి. చుట్టూ వచ్చే వలయం యాభై వంద మీటర్లకు మించకుండా చూడండి.
4. యాప్ సూచించిన పేరు మొదటిదే నొక్కేయకండి. అది మన దగ్గర ఉండే రకమేనా అని చూడండి. అనుమానం ఉంటే ప్రజాతి దగ్గర ఆగండి.
5. గుడ్డు, గొంగళి, ప్యూపా, రెక్కల దశ: ఏదో ఎంచుకోండి. మొక్క పేరు రాయండి.
6. ఇంటి డాబా రికార్డులకు చోటు మసకగా చూపించే ఎంపిక ఉంది, వాడుకోండి.

మీరు పెట్టిన పేరును ఇంకొకరు ఒప్పుకుంటేనే రికార్డు స్థాయి పెరుగుతుంది. ఎవరైనా మార్చితే కోపం తెచ్చుకోకండి, ఏ ఆనవాలు చూసి మార్చారో అడగండి. నేను నేర్చుకున్నది ఎక్కువగా అలాగే.

యాప్‌లో నడక లెక్కలు, సున్నాలు నిలవవు. వాటికి విడిగా ఒక ఎక్సెల్ షీటు పెట్టుకోండి: తేదీ, మొదలు, ముగింపు, చోటు, వాతావరణం, రకం, సంఖ్య, దశ, మొక్క, గమనిక. ఒక నడకలో ఒక రకానికి ఒక వరుస.

## 9. తరచూ జరిగే తప్పులు, సవరణలు

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఎక్కించడం. మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, అందులోని చోటు వివరాలు పోతాయి. స్నేహితుల దగ్గర తీసుకోవాలంటే డాక్యుమెంట్‌గా పంపమనండి. తీసింది వాళ్ళు కాబట్టి వాళ్ళ ఖాతాలోంచే ఎక్కిస్తే ఇంకా మంచిది.

కెమెరా తేదీ తప్పు. బ్యాటరీ తీసిపెట్టాక కొన్ని కెమెరాల్లో తేదీ వెనక్కి పోతుంది. నడకకు ముందు ఫోన్ గడియారాన్ని ఒక ఫోటో తీయండి. తర్వాత తేడా లెక్క కట్టి సరిచేయవచ్చు.

అందమైనవే రాయడం. గోధుమ రంగు చిన్నవి, రెక్కలు చిరిగినవి వదిలేస్తారు. చిరిగిన రెక్కలు కూడా సమాచారమే, అది చాలా రోజులుగా తిరుగుతున్నదని అర్థం. "రెక్కలు చిరిగాయి" అని రాయండి.

రాత్రికి రాద్దాంలే అనుకోవడం. రాత్రికి ఆరు నాలుగవుతుంది. అక్కడే రాయండి.

వారం తప్పిపోవడం. ఖాళీ వదిలేయండి. ఊహించి నింపకండి.

## 10. తొలకరి వారాలు

వేసవంతా చేసిన పనికి ఫలితం కనిపించేది జూన్ మొదటి వానల తర్వాతే. అప్పుడు వీలైతే వారానికి రెండు నడకలు చేయండి. చూడాల్సినవి:

- రేల, తంగేడు లేత చిగుళ్ళ మీద ఎమిగ్రంట్ గుడ్లు ఏ రోజు మొదట కనిపించాయి
- వాన పడ్డ ఎన్నో రాత్రి తెర మీద చిమ్మటలు ఒక్కసారిగా పెరిగాయి
- వేరుశనగ పొలాల దగ్గర ఎర్ర గొంగళి పురుగు తల్లి పురుగులు వచ్చాయా
- గుంపులుగా ఒకే దిక్కుకి పోతున్న సీతాకోకచిలుకలు ఉన్నాయా

గుంపు కనిపిస్తే ఇలా చేయండి. రెండు స్తంభాల మధ్య ఒక గీత ఊహించుకుని, ఐదు నిమిషాల్లో ఎన్ని దాటాయో లెక్కపెట్టండి. ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి, గాలి ఎటు వీస్తోంది, రాయండి. పది నిమిషాలు ఆగి మళ్ళీ ఒకసారి లెక్కపెట్టండి.

జూలై చివర్లో జాతీయ చిమ్మటల వారం, సెప్టెంబరులో బిగ్ బటర్‌ఫ్లై మంత్ వస్తాయి, అందరూ కలిసి చూసినవి నమోదు చేసే రోజులవి. అప్పటికి మీ షీటు, ఫోటోలు రెండు చోట్ల కాపీ పెట్టి ఉంచండి. నోటు పుస్తకం పేజీలు కూడా ఫోటో తీసి దాచండి. ఫోన్ పోతే ఆ వేసవి మళ్ళీ రాదు.